బరువు మోసిన షాఫ్టులు, తేలికపాటి కారు

ఇంటి గ్యారేజీలో కట్టిన స్పోర్ట్స్ కారు ఎంత బాగా కుదిరిందో తెలియాలంటే వెనక చక్రం పక్కన నేలమీద చతికిలబడి లోపలికి చూడాలి. బానెట్ మెరుపు, సీటు తోలు, గొట్టాల ఛాసీ మీద వెల్డింగ్ గీతలు అన్నీ ముచ్చటగానే ఉంటాయి. వాటిని మెచ్చుకునేవాళ్లకూ కొదవ లేదు. చక్రం వెనక మాత్రం నాలుగు వస్తువులుంటాయి: చక్రాన్ని మోసే హబ్, ఆపే బ్రేకు, తిప్పే డ్రైవ్‌షాఫ్టు, ఆ షాఫ్టుకు శక్తినందించే డిఫరెన్షియల్. ఈ నాలుగింటిలో ఒక్కటీ కారు కట్టినాయన చేసింది కాదు. తుక్కుకు పోతున్న ఏదో మామూలు కుటుంబ కారు నుంచి విప్పి తెచ్చినవే. అయినా ఆయన చేయి ఎంత తిరిగిందో వీటిలోనే బాగా తెలుస్తుందని నా నమ్మకం. ఏ కారు నుంచి తెచ్చాడు, వేటిని కలిపి తెచ్చాడు, వేటి జోలికి పోకుండా ఊరుకున్నాడు అన్నవి చూస్తే మనిషి తెలిసిపోతాడు.

ఈ విద్యకు పుట్టిల్లు బ్రిటన్. 1957లో కాలిన్ చాప్‌మన్ లోటస్ సెవెన్ అనే బుల్లి రెండు సీట్ల కారును తెచ్చాడు. విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకుంటే అప్పట్లో కొనుగోలు పన్ను తప్పేది. దాంతో పానా పట్టడం వచ్చిన ప్రతివాడికీ సొంత స్పోర్ట్స్ కారు మీద ఆశ పుట్టింది. చాప్‌మన్ కూడా చక్రాల దగ్గరి సామానంతా సొంతంగా తయారు చేయించుకోలేదు. వెనక యాక్సిల్ పెద్ద కంపెనీల మామూలు కార్లది, తర్వాతి రకాల్లో ముందు అప్‌రైట్లు ట్రయంఫ్ కార్లవి. అప్‌రైట్ అంటే హబ్ బేరింగునూ బ్రేకునూ పట్టి ఉంచే నిలువు దిమ్మ. 1973లో సెవెన్ హక్కులు కేటర్‌హామ్ చేతికొచ్చాయి. ఎనభైల్లో వాళ్లు వెనక సస్పెన్షన్‌ను డి డియాన్ పద్ధతికి మార్చినప్పుడు మధ్యలో కూర్చోబెట్టింది ఫోర్డ్ సియెర్రా డిఫరెన్షియల్‌ను. పేరున్న కంపెనీయే తక్కువనుకోని పనిని ఇంట్లో కట్టుకునేవాడు చిన్నతనంగా ఎందుకనుకోవాలి?

1996లో రాన్ చాంపియన్ రాసిన పుస్తకాన్ని హేన్స్ సంస్థ వేసింది. 250 పౌండ్లకే సొంత స్పోర్ట్స్ కారు కట్టుకోవచ్చని ఆ పుస్తకం పేరులోనే ఉంది. సామాను ఇచ్చే పాత కారును అక్కడివాళ్లు డోనర్ కారు అంటారు. ఆ పుస్తకంలో డోనర్ ఫోర్డ్ ఎస్కార్ట్ రెండో తరం. దాని వెనక యాక్సిల్‌ను గొట్టంతో సహా, రెండు చివర్లా డ్రమ్ములతో సహా ఎత్తుకొచ్చి కొత్త ఛాసీ కింద పెట్టేయడమే. షాఫ్టులు గొట్టం లోపలే తిరుగుతాయి కాబట్టి వంపుల గొడవ లేదు, రబ్బరు బూట్లు చిరుగుతాయన్న భయం లేదు. ముందుకు కోర్టినా అప్‌రైట్లు. మూడో తరం నుంచి కోర్టినాకు ముందు వైపు పైనొకటి కిందొకటి విష్‌బోన్ చేతులుండేవి, సెవెన్ రకం కారుకు కావలసిందీ సరిగ్గా అదే. బాల్ జాయింట్లు ఉన్నచోట ఉన్నట్టే వాడుకోవచ్చు. పోత ఇనుము దిమ్మ కాబట్టి బరువెక్కువ, కానీ గట్టిది.

ఆ పద్ధతిలో ఒక అందం ఉంది. కాకపోతే రెండో తరం ఎస్కార్టులను ర్యాలీ పిచ్చి ఉన్నవాళ్లు వెతికి వెతికి కొనేయడంతో వాటి యాక్సిళ్లు బంగారమైపోయాయి. అప్పుడు అందరి చూపూ సియెర్రా మీదికి మళ్లింది. కోర్టినా స్థానంలో 1982లో వచ్చిన సియెర్రా వెనక చక్రాల బండే, పైగా వెనక రెండు చక్రాలకూ దేని సస్పెన్షన్ దానికే. అంటే డిఫరెన్షియల్ బాడీకి బిగించి కదలకుండా ఉంటుంది, దాని రెండు వైపులా బయటికి కనిపించే డ్రైవ్‌షాఫ్టులు పైకీ కిందికీ ఊగుతూ చక్రాలను తిప్పుతాయి. 2007లో క్రిస్ గిబ్స్ రాసిన పుస్తకాన్ని కూడా హేన్సే వేసింది. అందులోని రోడ్‌స్టర్ పూర్తిగా సియెర్రా సామాను మీద ఆధారపడినది. యాక్సిల్ గొట్టం బరువు చక్రాలతో పాటు ఎగరడం మానింది, గతుకుల రోడ్డు మీద తేలికపాటి కారు నేలను వదలకుండా పట్టుకోవడం మొదలుపెట్టింది. దాంతోపాటు కొత్త చిక్కులూ వచ్చాయి. నాకు ఇష్టమైన పనితనం ఆ చిక్కుల దగ్గరే కనిపిస్తుంది.

అన్నిటికంటే ముందు తెలుసుకోవలసింది, ఈ నాలుగు వస్తువులూ ఒకే ఇంటివి. షాఫ్టు చివరి పళ్ల లెక్క హబ్‌కు సరిపోవాలి. రెండో చివర జాయింటు డిఫరెన్షియల్ ఫ్లాంజికి సరిపోవాలి. బ్రేకు పళ్లెం హబ్ మీద సరిగ్గా కూర్చోవాలి, హ్యాండ్‌బ్రేక్ కేబుల్ ఆ పళ్లెంలోకి దూరాలి. చక్రానికి బోల్టుల వృత్తం నాలుగు మూలలా ఒకటే ఉండాలి. సియెర్రాకు అది నాలుగు బోల్టులు, 108 మి.మీ. వృత్తం. సియెర్రాల్లోనే రెండు రకాల షాఫ్టులున్నాయి. ఒక రకం లోబ్రో జాయింటుతో డిఫరెన్షియల్‌కు ఆరు బోల్టులతో బిగుసుకుంటుంది, ఇంకో రకం ట్రైపాడ్ జాయింటుతో లోపలికి నెట్టితే పట్టుకుంటుంది. ఒక యార్డులో డిఫరెన్షియల్, మరో యార్డులో షాఫ్టులు, వేరే ఊళ్లో హబ్‌లు కొన్నవాడికి అవి గ్యారేజీలో ఒకదాన్నొకటి ఎరగనట్టు మిగిలిపోతాయి. అందుకే పని తెలిసినవాళ్లు పిల్లనొక్కదాన్నే కాక ఇంటినంతా చూసి సంబంధం కలుపుకున్నట్టు, మొత్తం కారునే కొంటారు. ఇంజనూ గేర్‌బాక్సూ స్టీరింగూ వైరింగూ దాంతోనే వస్తాయి. అక్కర్లేనివి అమ్మితే పెట్టిన డబ్బులో కొంత వెనక్కొస్తుంది. బ్రిటన్‌లో రిజిస్ట్రేషన్ దగ్గర కూడా లాభముంది. పాత సామానంతా ఒకే కారుదైతే ఆ కారు వయసును బట్టి నంబరు దొరికే వీలుంటుంది, ఎక్కడెక్కడివో కలిపితే క్యూ అక్షరంతో మొదలయ్యే నంబరు పలక తగిలిస్తారు.

ఇక బ్రేకుల సంగతి. కొత్తగా దిగినవాడు ముందు అడిగేది పెద్ద డిస్కుల గురించే. ఎక్కువ పిస్టన్లున్న క్యాలిపర్లు, రంధ్రాలు పొడిచిన పెద్ద డిస్కులు చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. లెక్క చూస్తే ఆ మోజు తగ్గుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారును పూర్తిగా ఆపడమంటే దాని కదలికలోని శక్తినంతా వేడిగా మార్చడం. మనిషితో కలిపి 1,200 కిలోలున్న సియెర్రాకు అది దాదాపు 463 కిలోజౌళ్లు. మనిషితో కలిపి 650 కిలోలుండే సెవెన్ రకం కారుకు 250. అంటే సియెర్రాలో పిల్లలనూ సామాన్లనూ మోసుకుని ఘాట్ రోడ్డు దిగడానికి పనికొచ్చిన 240 మి.మీ. డిస్కు ఈ కారులో దాదాపు సగం పనే చేస్తుంది. ఖరీదైన సియెర్రాలకు వచ్చిన 260 మి.మీ. డిస్కులు పెట్టుకోవచ్చు, కానీ అప్పుడు 13 అంగుళాల చక్రాలు పనికిరావు. పెద్ద చక్రం, పెద్ద డిస్కు, పెద్ద క్యాలిపర్ అన్నీ స్ప్రింగుకు కింద చేరే బరువే. కారెంత తేలికో ఆ బరువు అంత ఎక్కువగా బాధిస్తుంది. 240 డిస్కుతో ఆగిపోయిన బిల్డర్ కనిపిస్తే నాకు గౌరవం పెరుగుతుంది.

పెడల్ దగ్గర ఇంకా చక్కటి లెక్క ఉంది. మామూలు కారులో ఇంజన్ పీల్చే గాలితో పనిచేసే బూస్టర్ మన కాలికి సాయం చేస్తుంది. సెవెన్ రకం కారులో ఆ డబ్బాకు చోటుండదు. అది లేకపోతే కాలు ఎంత తొక్కాలి? 7/8 అంగుళం, అంటే 22.2 మి.మీ. మాస్టర్ సిలిండర్, పెడల్ బలం అయిదింతలు, ముందు క్యాలిపర్‌లో 54 మి.మీ. పిస్టన్ అనుకుందాం. 650 కిలోల కారును, గురుత్వానికి 0.9 వంతు గట్టిగా ఆపాలంటే ముందు బ్రేకుల లైనులో చదరపు సెంటీమీటరుకు సుమారు 34 కిలోల ఒత్తిడి చాలు. దానికి కాలు వేయాల్సిన బలం 26 కిలోల చుట్టూ. నిలబడి ఒంటికాలి మీద బరువు వేసే మనిషికి అదేమంత పని కాదు. ఇంకా తేలిగ్గా ఉండాలంటే 3/4 అంగుళం సిలిండర్ వేస్తారు. వైశాల్యం తగ్గుతుంది కాబట్టి అదే కాలికి ఒత్తిడి మూడో వంతుకు పైగా పెరుగుతుంది, పెడల్ కూడా అంతే ఎక్కువ దిగుతుంది. ఈ రెండింటి మధ్య ఎక్కడ ఆగాలన్నది కాలితో తొక్కి చూసి తేల్చుకునే విషయం. చేయి తిరిగినవాళ్లు పెడల్ పెట్టె బిగించకముందే సిలిండర్ ఖాయం చేసుకుంటారు, పుష్‌రాడ్ పొడవు దాన్ని బట్టే ఉంటుంది మరి.

ప్యాడ్ల విషయంలోనూ అంతే. రేసు ప్యాడ్లు బాగా వేడెక్కితేగానీ పట్టవు. ఇంత తేలిక కారు మామూలు రోడ్డు మీద వాటిని అంత వేడెక్కించలేదు. చల్లని ప్యాడ్ మీద మొదటి మలుపుకు వెళ్లే డ్రైవరుకు పెడల్ కింద చెక్క తగిలినట్టుంటుంది. మింటెక్స్ 1144 లాంటి, చల్లగా ఉన్నప్పుడే పట్టే రకాలు సెవెన్ వాళ్లలో పేరు తెచ్చుకున్నది అందుకే.

ముందు వెనకల మధ్య పంపకం గురించి కాస్త నిదానంగా చెప్పాలి. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు తూలుతుంది. ఎంత తూలుతుందన్నది కారు బరువు కేంద్రం ఎంత ఎత్తులో ఉంది, రెండు యాక్సిళ్ల మధ్య దూరమెంత అన్నదాన్ని బట్టి ఉంటుంది. సెవెన్‌కు ఆ దూరం దాదాపు 2.24 మీటర్లు, సియెర్రాకు 2.61. సెవెన్ పొట్టిది, కానీ నేలకు కరుచుకుని ఉంటుంది. బరువు కేంద్రం 45 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకుంటే, 0.9 వంతు బ్రేకింగులో వెనక నుంచి ముందుకు జరిగేది 117 కిలోలు. నిలబడి ఉన్నప్పుడు ముందూ వెనకా చెరి 325 అయితే, బ్రేకింగులో ముందు 442, వెనక 208. సియెర్రాలో ఇంజనూ డ్రైవరూ ఇంకా ముందుకు ఉంటారు, ముందు చక్రాలు నాలుగింట మూడొంతులు దాకా మోస్తాయి. అందువల్ల సియెర్రా వెనక డ్రమ్ములు సెవెన్‌కు కాస్త బలహీనంగానే పడతాయి. పడనివ్వాలి. ముందు చక్రాలు ముందు లాక్ అయితే కారు నేరుగా జారుతుంది, వెనకవి ముందు లాక్ అయితే గిర్రున తిరిగిపోతుంది. బ్రిటన్‌లో ఇలా సొంతంగా కట్టిన కార్లను రోడ్డెక్కనిచ్చే ముందు చేసే పరీక్షలు, అంటే 1998లో వచ్చిన ఎస్‌వీఏ పరీక్ష, 2009 నుంచి దాని స్థానంలో ఉన్న ఐవీఏ పరీక్ష, రెండూ ఈ విషయాన్ని చూస్తాయి. డ్రైవరు సీట్లోంచి మరతిప్పి పంపకం మార్చుకునే ఏర్పాటుకు ఐవీఏ ఒప్పుకోదు, ఉంటే కదలకుండా బిగించి చూపించాలి. ఇక్కడ తరచూ కనిపించే పొరపాటు, వెనక కూడా డిస్కులుంటే అందంగా ఉంటుందని ఏదో బరువైన కారు నుంచి పెద్ద వెనక క్యాలిపర్లు తెచ్చి, ముందు పాతవే ఉంచేయడం. వాన రోడ్డు మీద ఆ కారు తోక ముందుకొస్తుంది.

డ్రమ్ములకు నేను పక్షపాతినే. 8 అంగుళాలవైనా 9 అంగుళాలవైనా, హ్యాండ్‌బ్రేక్ వాటిలోనే ఉంటుంది. లీవరు, కేబుల్, సర్దుబాటు అన్నీ కంపెనీ ఆలోచించి పెట్టినవి. పార్కింగ్ బ్రేకు యాంత్రికంగా పనిచేయాలన్నది చట్టం, అంటే ఆయిల్ ఒత్తిడి లేకున్నా పట్టాలి. మెరిసే రేసు క్యాలిపర్లు వెనక పెట్టుకున్నవాళ్లు చివరికి హ్యాండ్‌బ్రేక్ కోసం ఇంకో చిన్న క్యాలిపర్ వెతుక్కుని, దానికి బ్రాకెట్ కోయించుకుని, కేబుల్ ఎటు తిప్పాలో తెలియక తంటాలు పడతారు.

ముందు వైపు సియెర్రా అప్‌రైట్ తేలిగ్గా లొంగదు. సియెర్రాకు ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉండేది. అందువల్ల అప్‌రైట్ పైభాగంలో బాల్ జాయింటుకు చోటు లేదు, స్ట్రట్ గొట్టం దూరి బిగుసుకునే లావుపాటి రంధ్రం మాత్రమే ఉంది. విష్‌బోన్ చేతిని దానికెలా తగిలించాలి? బిల్డర్లు లేత్ మీద ఒక గుండ్రటి దిమ్మ చేయిస్తారు. కింది భాగం స్ట్రట్ గొట్టం మందంలో ఉండి ఆ రంధ్రంలో దూరుతుంది, పైన గొడుగులా అంచు ఉండి అప్‌రైట్ మీద ఆనుతుంది, నడుమ బాల్ జాయింటు కోసం ఏటవాలు రంధ్రం. రూపాన్ని బట్టి దానికి మష్రూమ్ అని పేరు పడింది. చూడడానికి పుట్టగొడుగంత వస్తువు. కానీ దాని ఏటవాలు సరిగా రాకపోతే బాల్ జాయింటు పూర్తిగా కూర్చోదు, స్ట్రట్ వైపు వదులుగా ఉంటే బ్రేకు వేసిన ప్రతిసారీ కొట్టుకుంటుంది. మంచి టర్నర్ చేసినదాన్ని చేతిలో పట్టుకుంటే తెలుస్తుంది, అంచు కింద మూల పదునుగా వదలకుండా చిన్న గుండ్రం ఇచ్చి ఉంటాడు. లోహం అలసి పగులు మొదలయ్యేది అలాంటి పదును మూలల్లోనే.

ఇప్పుడు షాఫ్టులు. డోనర్ కారు షాఫ్టు ఈ కొత్త పనికి చాలుతుందా అని చాలామంది ఇంజన్ బలాన్ని పట్టుకుని లెక్క వేస్తారు. 160 న్యూటన్‌మీటర్ల ఇంజన్, మొదటి గేరు 3.65, డిఫరెన్షియల్ 3.62 అనుకుంటే చక్రాల దగ్గర 2,100 దాటుతుంది, ఒక్కో షాఫ్టుకు వెయ్యికి పైనే. భయపెట్టే అంకె. నిజానికి షాఫ్టు చూసేది టైరు పట్టినంత బలమే, ఆ పైన టైరు జారిపోతుంది. వెనక చక్రాల మీద 600 కిలోలు మోసే సియెర్రాలో, మంచి పొడి రోడ్డు మీద, ఒక్కో షాఫ్టుకు పడేది 850 న్యూటన్‌మీటర్లు. బయల్దేరేటప్పుడు వెనక్కి తూలిన బరువుతో కలిపి 400 కిలోలు మోసే సెవెన్‌లో 570. సియెర్రా కింద లక్షల కిలోమీటర్లు తిరిగిన షాఫ్టుకు ఇది విశ్రాంతి ఉద్యోగం. ఇంజన్ శక్తి రెండింతలైనా ఈ అంకె పెద్దగా మారదు. మెత్తటి రేసు టైర్లు వేసినప్పుడు, క్లచ్ ఒక్కసారిగా వదిలినప్పుడు మాత్రం కథ వేరు.

షాఫ్టుకు బలం ఎంతున్నా, దాని గుండె జాయింటులో ఉంది. మామూలు క్రాస్ జాయింటు వంపులో తిరిగేటప్పుడు ఒక్కో చుట్టులో రెండుసార్లు వేగం పెంచుతూ తగ్గిస్తూ తిప్పుతుంది. లోటస్ ఎలాన్‌లో, 1962లో, వంపును తట్టుకోవడానికి షాఫ్టు చివర్లలో లావుపాటి రబ్బరు చక్రాలు పెట్టారు. బయల్దేరేటప్పుడు ఆ రబ్బరు మెలితిరిగి వదిలేది, కారు గెంతులేసేది. ఫోర్డ్‌లో పనిచేసిన ఆల్ఫ్రెడ్ ర్జెపా 1920ల్లోనే దీనికి విరుగుడు కనిపెట్టాడు. లోపల ఒక గిన్నె, దానిలో ఒక గుండు, రెండింటికీ మధ్య గాడుల్లో ఆరు బంతులు. షాఫ్టు ఎంత వంగినా బంతులన్నీ వంపును సగానికి కోసే తలంలోనే నిలబడతాయి. అందుకని రెండు వైపులా వేగం ఒకటే. 1959లో వచ్చిన మినీ ఈ జాయింటును ఇంటింటికీ చేర్చింది.

పాత జాయింటును పరీక్షించే తీరు చూడదగ్గది. బూటు క్లిప్పు కోసి, రబ్బరు వెనక్కి జరిపి, ముందు గ్రీజును వేళ్ల మధ్య రుద్ది చూస్తారు. నల్లగా మెత్తగా ఉంటే సరే. వెండి పొడిలా మెరిసిందంటే లోహం అరుగుతోందన్నమాట, గరగరలాడితే బూటు ఎప్పుడో చిరిగి ఇసుక దూరిందన్నమాట. తర్వాత లోపలి గుండు, బయటి గిన్నె, బంతులను పట్టి ఉంచే పంజరం మూడింటి మీదా ఒకే వరసలో పెయింటు చుక్కలు పెడతారు, విప్పాక ఏది ఎటు తిరిగి ఉందో పోల్చుకోవడానికి. బంతులను విప్పిన వరసలోనే ఒక పాత గుడ్డ మీద పరుస్తారు, ప్రతి బంతీ తన గాడిలోకే పోవాలి. కిరోసిన్‌తో కడిగాక గాడిని వెలుతురుకు పట్టి చూస్తే, బంతి తిరిగిన దారి బూడిద రంగు పట్టీలా నిగనిగలాడుతుంది. అది ఆరోగ్యమే. ఆ పట్టీ మీద బొటనవేలి గోరు నడిపించాలి. గోరు ఎక్కడా తగలకపోతే ఆ జాయింటుకు ఇంకా ఆయుష్షుంది. సూది మొనంత గుంట తగిలినా పక్కన పెట్టేయాలి. బండిని ముందుకు నడిపే వైపు గోడ ఎక్కువ అరుగుతుంది కాబట్టి, కొందరు కుడి జాయింటును ఎడమకూ ఎడమదాన్ని కుడికీ మారుస్తారు, అరగని గోడ మీద పని పడుతుంది. పొదుపైన ఉపాయమే, కానీ గుంటలు పడ్డ జాయింటును అది బాగుచేయలేదు.

పొడవు దగ్గర అసలు పరీక్ష. సెవెన్ సన్నటి కారు, సియెర్రా వెడల్పు. సియెర్రా షాఫ్టు ఉన్నదున్నట్టు వాడాలంటే ఛాసీ వెనక భాగాన్ని, విష్‌బోన్‌లను దానికి తగ్గట్టు గీయాలి. సన్నదనమే కావాలంటే షాఫ్టు కుదించాలి. మొదటిదే మంచిదని నేను గట్టిగా అంటాను. షాఫ్టును నడుమకు కోసి, గొట్టం తొడిగి వెల్డింగ్ చేస్తే పని గంటల్లో అయిపోతుంది. అయితే ఆ షాఫ్టు పైపొరను కంపెనీలో కరెంటు వేడితో గట్టిపరిచారు. వెల్డింగ్ మంట తగిలినచోట ఆ గట్టిదనం పోతుంది, పక్కనే మెత్తటి లోహానికీ గట్టి లోహానికీ సరిహద్దు ఏర్పడుతుంది. కుదించక తప్పదంటే ఈఎన్24 లాంటి మిశ్రమ ఉక్కుతో కొత్త షాఫ్టు చేయించి స్ప్లైన్లు కోయించడమే దారి. అక్కడ కూడా పళ్లు కోసి చేతులు దులుపుకుంటే సరిపోదు. సర్‌క్లిప్ గాడి, బూటు పట్టుకునే గాడి, పళ్లు ముగిసే చోట మెడ సన్నగా జారే తీరు అన్నీ పాతదానిలాగే రావాలి. విరిగిన షాఫ్టులు ఎక్కువగా ఆ మెడ దగ్గరే విరుగుతాయి.

పొట్టి షాఫ్టుకు ఇంకో లోపముంది. చక్రం 60 మి.మీ. పైకి లేస్తే 400 మి.మీ. షాఫ్టు ఎనిమిదిన్నర డిగ్రీలు వంగుతుంది, 300 మి.మీ. షాఫ్టు 11 డిగ్రీలు దాటుతుంది. వంపు పెరిగేకొద్దీ జాయింటు వేడెక్కి త్వరగా అరుగుతుంది. పైగా చక్రం విష్‌బోన్‌లు గీసే చాపంలో కదులుతుంది, షాఫ్టు తన సొంత చాపంలో ఊగుతుంది. ఈ రెండింటి తేడాను లోపలి జాయింటు ముందుకూ వెనక్కూ జారి సర్దుకోవాలి. ఆ జారుడుకు ఒక హద్దుంది. హద్దు దాటి లోపలికి గుద్దుకుంటే దెబ్బ డిఫరెన్షియల్ బేరింగు మీద పడుతుంది, బయటికి లాగితే బంతులు పంజరం వదిలి ఊడిపోతాయి.

దీన్ని సరిచూసే పద్ధతి ఎంత సరళమో అంత గొప్పది. స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు తీసేసి, ఛాసీని స్టాండ్ల మీద నిలబెట్టి, హబ్ కింద జాకీ పెడతారు. చక్రం పూర్తిగా వేలాడే చోటు నుంచి రబ్బరు స్టాపు తాకే దాకా కొద్దికొద్దిగా లేపుతూ, ప్రతి మెట్టులో షాఫ్టును చేత్తో అటూ ఇటూ నెట్టి ప్లే ఎంతుందో చూస్తారు. ప్రతి ఎత్తులోనూ రెండు వైపులా కొన్ని మిల్లీమీటర్లు మిగలాలి. అన్నిటికంటే తక్కువ మిగిలేది ఎక్కువగా షాఫ్టు అడ్డంగా సమంగా ఉన్నప్పుడు. చాలామంది ఆ మధ్య చోటే మర్చిపోయి, రెండు చివర్లు మాత్రం చూసి బాగుందనుకుంటారు. మధ్యలో తగులుతుంటే జాయింటుకూ ఫ్లాంజికీ మధ్య సన్నటి స్పేసర్ వేసి బోల్టులు మార్చడమో, విష్‌బోన్ బుష్ కాస్త బయటికి జరపడమో చేయాలి. ఈ ఒక్క పనికి ఒక పూట ఖర్చు పెట్టిన బిల్డర్ కారును నేను కళ్లు మూసుకుని నడుపుతాను.

సియెర్రాలు కూడా తరిగిపోతున్న ఈ కాలంలో వాటి స్థానం మజ్దా ఎంఎక్స్-5 తీసుకుంది. 1989లో వచ్చిన ఈ కారు డోనర్ కావడానికే పుట్టిందా అనిపిస్తుంది. నాలుగు మూలలా జంట విష్‌బోన్‌లు, నాలుగు మూలలా డిస్కులు, వెనక క్యాలిపర్‌లోనే హ్యాండ్‌బ్రేక్. యాక్సిళ్ల మధ్య దూరం 2.265 మీటర్లు, సెవెన్‌కు రెండు మూడు సెంటీమీటర్ల తేడా. బరువు ముందూ వెనకా దాదాపు సమానం. దాంతో కంపెనీ పెట్టిన బ్రేకు పంపకం కొత్త కారుకూ దగ్గరగా కుదురుతుంది, సియెర్రాతో చేసుకున్నంత సర్దుబాటు అక్కర్లేదు. మష్రూమ్ బెడదా లేదు. మొదటి 1.6 లీటర్ల కార్లలో ముందు 235, వెనక 231 మి.మీ. డిస్కులు, 1993లో వచ్చిన 1.8లో 255, 251. డిఫరెన్షియల్ కూడా 1.8లో పెద్దది, దానితో వచ్చే షాఫ్టులూ బలమైనవి, అవి ఒకదానికొకటి జత. 1.6 డిఫరెన్షియల్‌కు 1.8 షాఫ్టులు తగిలిద్దామనుకునేవాడు మళ్లీ యార్డు చుట్టూ తిరగాల్సిందే. ఈ కార్లకు శత్రువు తుప్పు. బాడీ కింది అంచులు తినేశాక కారు రోడ్డుకు పనికిరాదంటారు, లోపలి ఇనుప సామాను మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది. బిల్డరుకు కావలసింది అదే.

మన దగ్గర సొంతంగా కట్టిన కారును రోడ్డెక్కించడం అంత తేలిక కాదు. అయినా ఈ విద్య మనకు పూర్తిగా కొత్తేం కాదు. 2007లో మొదలైన బాహా ఎస్‌ఏఈ ఇండియా పోటీల్లో తెలుగు రాష్ట్రాల ఇంజినీరింగ్ కాలేజీల జట్లూ దిగుతుంటాయి. అక్కడ డోనర్ కారంటే చాలావరకు మారుతి 800, లేదంటే ఆల్టో. ముందు చక్రాల కారు కాబట్టి దాని షాఫ్టు బయటి చివర జాయింటు స్టీరింగ్ తిప్పినా తిరిగేలా ఎక్కువ వంపు తట్టుకుంటుంది, లోపలిది జారుతుంది. గుంటల్లో అడుగున్నర ఎగిరే బగ్గీకి ఆ వంపు ఎంతో అవసరం. కాలేజీ వర్క్‌షాపులో కుర్రాళ్లు ఆ షాఫ్టును వైస్‌లో బిగించి, ఎక్కడ కుదించాలో సుద్దతో గీత గీస్తారు. వెల్డింగ్‌తో సరిపెట్టాలా, లేత్ షాపుకు తీసుకెళ్లి కొత్తది చేయించాలా అన్న వాదన ఆ గీత దగ్గర మొదలవుతుంది. ఆ వాదన తేలేలోపు స్ప్రింగు విప్పి, హబ్ కింద జాకీ పెట్టి, ప్రతి మెట్టులోనూ ప్లే కొలిచి నోటు పుస్తకంలో రాసుకునే కుర్రాడు ఒక్కడున్నా ఆ జట్టు షాఫ్టు పొడవు సరిగ్గా వస్తుంది.